మా ఇంటి మొదటి సర్టిఫికెట్

ముందు వార్త చెప్పేస్తాను. అంతా రాసి చివర్లో చెబుదామనుకున్నాను గానీ అప్పటిదాకా ఆపుకోవడం నా వల్ల కాదు. వచ్చే శనివారం ఎల్బీ నగర్‌లో ప్రైవేటు స్కూళ్ల లెక్కల టీచర్లకు శిక్షణ తరగతి ఉంది. అందులో పొద్దుటి ఉపన్యాసం నాది. వినడానికి వెళ్లడం నాకు కొత్తేం కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి తరగతుల్లో ఫ్యాను కింద కుర్చీ ఎక్కడుందో వెతుక్కుని కూర్చుని, వాళ్లిచ్చిన ప్యాడ్ మీద పువ్వులూ తీగలూ గీసుకుని, భోజనాల గంట కోసం చెవి ఒగ్గిన మనిషిని. ఈసారి మైకు ముందు నిలబడేది నేను. బ్యానర్ మీద నా పేరు, పేరు పక్కన ఎమ్మెస్సీ, బీఎడ్. బ్యానర్ నమూనా ఫోన్లో పంపిస్తే దాన్ని చూపించని మనిషి మా బడంగ్‌పేట్ కాలనీలో మిగల్లేదు. కూరగాయల బండి ఆమె కూడా చూసింది. ఫోటో మంచిగొచ్చింది మేడం అంది. చదువు గురించి ఏమీ అనలేదు, అయినా నాకు చాలింది.

నిర్వాహకులు బయోడేటాతో పాటు డిగ్రీ పట్టా కాపీ ఒకటి పంపమన్నారు. నా కాగితాలన్నీ బీరువాలో పట్టుచీరల కింద ఒక పాత ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. కవరు పోపుల డబ్బా మూత కంటే గట్టిగా బిగుసుకుపోయింది. లాగితే ముందు నా పట్టా రాలేదు. దానికి అంటుకుని ఇంకో కాగితం వచ్చింది, అంచుల చుట్టూ నీలం రంగు లతలు, మూల మీద బంగారు రంగు చుక్క, మధ్యలో అందమైన దస్తూరీతో నింపిన ఖాళీలు. "శ్రీమతి పి. యాదమ్మ, ఉపాధ్యాయురాలు, గణిత బోధన శిక్షణ తరగతిలో ఉత్సాహంగా పాల్గొన్నందుకు." యాదమ్మ మా అమ్మ. అమ్మ ఏనాడూ ఉపాధ్యాయురాలు కాదు. నేను పాఠాలు చెప్పిన స్కూల్లోనే ఆయమ్మగా పనిచేసింది. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనేనని సందు దొరికితే చాలు చెప్పుకుంటాను, ఇప్పుడూ చెప్పుకున్నాను. కానీ మా ఇంటి గడప లోపలికి వచ్చిన మొదటి సర్టిఫికెట్ మాత్రం నాది కాదు. ఆ నీలం లతల కాగితం నా పట్టా కంటే ఒక ఏడాది పెద్దది. దాన్ని పట్టుకుని బీరువా ముందు నేల మీద కూర్చుండిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోయి, ఆ మాడు వాసనకు గానీ లేవలేదు.

అప్పట్లో మేం కర్మన్‌ఘాట్‌లో, హనుమాన్ గుడికి రెండు సందుల అవతల కిరాయికి ఉండేవాళ్లం. రెండు గదులు, ముందు రేకుల వసారా. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఇళ్లే ఆ సందంతా. అమ్మ, నాయిన, నేను, నా వెనక ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లె. నాయిన కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ. తెల్లారకముందే వెళ్లి, మేం బడికి బయల్దేరే వేళకు తిరిగొచ్చేవాడు. నాయిన ఇంటికొస్తే ముందు వాసన వచ్చేది, తర్వాత చెప్పుల చప్పుడు, ఆ తర్వాత మనిషి. ఎండాకాలం మామిడి, గడ్డి, గోనెసంచి కలిసిన వాసన. మిగతా రోజుల్లో ఎక్కువగా బత్తాయి. మా పుస్తకాలకీ, దుప్పట్లకీ, నాయిన భుజం మీది తువ్వాలకీ బత్తాయి తొక్క వాసన ఉండేది. స్కూల్లో ఎవరో నా పక్కన కూర్చుని, నీ దగ్గర ఎప్పుడూ జ్యూస్ బండి వాసనొస్తుందే అంటే, అది మెచ్చుకోలే అనుకున్నాను. ఇప్పుడు ఆ మార్కెట్ ఊరి బయటికి వెళ్లిపోయింది. అది ఒకప్పుడున్న చోటు మీదుగా మెట్రోలో ఏసీలో కూర్చుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్తుంటాను. అలవాటు కొద్దీ అక్కడికి రాగానే ముక్కు ఎగబీలుస్తాను. ఏమీ రాదు.

నాయిన తువ్వాలలో మూటగట్టి తెచ్చేవన్నీ దెబ్బ తగిలిన కాయలు. బత్తాయిలైతే సులువు, ఎవరి కాయ వాళ్లకి. పుచ్చకాయో, బొప్పాయో, మామిడిపండో అయితే మాత్రం ఆరుగురికీ కోయాలి, కొట్లాట అక్కడ మొదలయ్యేది. అమ్మ ఒకే ఒక్క నియమం పెట్టి ఆ కొట్లాటను ఆపేసింది. కోసినోళ్లు ఆఖర్న తీసుకోవాలె. అంతే. ఎవరు కత్తి పట్టుకుంటే వాళ్లకి మిగిలిన ముక్కే గతి. పెద్దదాన్ని కాబట్టి కత్తి ఎప్పుడూ నా చేతికే వచ్చేది. ఒక ముక్క వెంట్రుకవాసి పెద్దగా తెగిందా, పెద్ద తమ్ముడు దాన్ని గద్దలా ఎత్తుకుపోయేవాడు, చివరికి సన్నటి ముక్క నాకు మిగిలేది. అందుకని నేను కత్తి దించే ముందు పండు చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగి చూసేదాన్ని. అమ్మ త్యాగాలు చేసే రకం కాదు. తన వంతు తను కచ్చితంగా తీసుకునేది, పైగా నా కంటే ముందు.

ఆ రోజుల్లో అమ్మ మా సందు చివరి స్కూల్లో ఆయమ్మ. గంట కొట్టడం, ఎల్‌కేజీ పిల్లల ముక్కులు తుడవడం, టీచర్లకు ఛాయ్ పెట్టడం, అన్ని గదుల తాళంచెవులూ నడుముకు దోపుకోవడం అమ్మ పనులు. నేను ఇంటర్ అయిపోయి, దూరవిద్యలో డిగ్రీ కట్టి, ఆదివారాలు దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసులకు వెళ్తుంటే, అమ్మ కరస్పాండెంట్ సార్‌ని అడిగి నన్ను ఆ స్కూల్లోనే పెట్టించింది. కరస్పాండెంట్ సార్ అంటే స్కూలు యజమాని. పేరుకి టీచర్నే గానీ నాకంటూ ఒక క్లాసు లేదు. ఎవరు సెలవు పెడితే వాళ్ల క్లాసులో కూర్చోవడం నా పని. ఒక రోజు తెలుగు, ఒక రోజు డ్రాయింగు, ఒక వారమంతా కరాటే. పిల్లలు నన్ను చూడగానే ఇవాళ చదువు లేదని అర్థమై సంతోషించేవాళ్లు. స్టాఫ్ రూంలో మిగతావాళ్లకు సొరుగు ఉన్న బల్లలుండేవి. నాకు కిటికీ గట్టు.

మొదటి రోజు గేటు బయటే అమ్మ నన్ను ఆపింది. "గేటు లోపట నువ్వు మేడం, నేను ఆయమ్మ. నన్ను జూసి లేసి నిలబడకు, అమ్మా అని పిలువకు. గేటు బయటికొచ్చినంక నీ సంగతి నేను జూస్త" అంది. చూసేది కూడా. స్కూల్లో, తీస్కోండ్రి మేడం, అంటూ నా చేతికి ఎంతో మర్యాదగా ఛాయ్ గ్లాసు ఇచ్చేది. సాయంత్రం గేటు దాటగానే, ఛాయ్ సల్లారబెట్టి తాగుతవేంది, మీగడ అంటుకుంటే గ్లాసు తోముడెవలు, నువ్వా, అని మొదలుపెట్టేది. ఇంటి దాకా అదే పాట. ఈ ఏర్పాటు స్కూల్లో అందరికీ తెలుసు, ఎవరూ నవ్వేవాళ్లు కాదు. నవ్వినా అమ్మ దగ్గర తాళంచెవులున్నాయి కదా, బాత్రూంది కూడా.

ఆ ఏడు ఆరో తరగతి లెక్కలు చెప్పే లక్ష్మీకుమారి మేడంకి పదో తరగతి ఇచ్చారు. ఆవిడది గుంటూరు వైపు. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. ఆరో తరగతి ఖాళీ అయింది. నాకు కావాలని నోరు తెరిచి అడిగాను. డిగ్రీ ఇంకా పూర్తి కాలేదు కదా, ఆయమ్మ కూతురు క్లాస్ టీచరైతే తల్లిదండ్రులేమంటారో అని సార్ నసిగాడు. చివరికి ఒక దారి చెప్పాడు. రెండో శనివారం మా స్కూల్లో చుట్టుపక్కల స్కూళ్ల లెక్కల టీచర్లకు శిక్షణ తరగతి పెడుతున్నారు, నరహరి సార్ అనే రిటైర్డు గవర్నమెంటు టీచరు వచ్చి చెబుతాడు. మధ్యాహ్నం ఆయన ముందు నేనొక నమూనా పాఠం చెప్పాలి. ఆయన బాగుందంటే ఆరో తరగతి నాది. బాగాలేదంటే ఇంకో ఏడాది కిటికీ గట్టు. క్లాసొస్తుందంటే నాకు కళ్ల ముందు కనిపించింది హాజరు పట్టీ కాదు, తాళం వేసుకునే సొరుగున్న బల్ల.

పాఠం భిన్నాలు. వారం రోజులు మా ఇంట్లో ఎవరికీ నేల మీద కాలు పెట్టే చోటు లేదు. చార్టు పరిచి, నాలుగు మూలలా స్టీలు గ్లాసులు పెట్టి, స్కెచ్ పెన్నులతో గుండ్రాలు గీశాను. ఒక గుండ్రం మీద చెల్లె సాంబారు చుక్క వేసింది, దాన్ని సూర్యుడిగా మార్చాను. గీసిన బొమ్మ కంటే చేతిలో వస్తువు ఉంటే పిల్లలకు బాగా ఎక్కుతుందని ఎక్కడో చదివాను, అందుకని బత్తాయి తీసుకెళ్దామనుకున్నాను. తొక్క తీస్తే లోపల పది తొనలు. ఒక్కో తొనా పదో వంతు. దేవుడే భిన్నాల కోసం చేసి పెట్టినట్టుంది. నాయిన మార్కెట్ అంతా వెతికి ఒక మచ్చలేని కాయ తెచ్చాడు. దెబ్బ తగలని బత్తాయి మా ఇంట్లోకి రావడం అదే మొదలు. తమ్ముళ్లిద్దరూ దాన్ని గూట్లో పెట్టి దూరం నుంచి చూశారు.

శిక్షణ తరగతుల్లో ఒక ఆచారముంటుంది. నమూనా పాఠం చెప్పేటప్పుడు మిగతా టీచర్లంతా పిల్లల్లా బెంచీల మీద కూర్చుంటారు. యాభై ఏళ్ల మనుషులు కూడా చూపుడు వేలు ఎత్తి బాత్రూంకి పోతాం టీచర్ అంటారు, పక్కవాళ్ల జడ లాగుతారు, పెన్సిల్ పోయిందని ఏడుపు నటిస్తారు. ఏళ్ల తరబడి పిల్లల మీద ఉన్న కసి అంతా ఆ అరగంటలో తీర్చుకుంటారు. అయితే అడిగిన ప్రశ్నకు మాత్రం అందరూ ఠక్కున జవాబు చెప్పేస్తారు. పాపం చెప్పే అమ్మాయి ఇబ్బంది పడకూడదు కదా. ఆ రోజు మధ్యాహ్నం డబ్బాలు విప్పి, గోంగూర పచ్చడి ఒకవైపు, సర్వపిండి ఒకవైపు చేతులు మారుతుంటే, నాకు ముద్ద దిగడం లేదని లక్ష్మీకుమారి మేడం కనిపెట్టింది. "నువ్వేం కంగారు పడకమ్మాయ్ సుజాతా. మేమంతా ఆరో క్లాసు పిల్లలమేగా, నువ్వేం చెప్పినా తలకాయలూపేస్తాం" అని నా ప్లేటులో ఇంకో ముద్ద గోంగూర వేసింది.

భోజనాలయ్యాక రెండో బెంచీలో ఒక టీచరు తక్కువ పడింది. సరూర్‌నగర్ నుంచి వచ్చిన ఒకావిడ పొద్దున్నే సంతకం పెట్టి, తలనొప్పని ఇంటికెళ్లిపోయిందట. నరహరి సార్ బెంచీకి రెండు జంటల చొప్పున కూర్చోబెడుతున్నాడు, ఒకరు మిగిలారు. సరిగ్గా అప్పుడే అమ్మ ఛాయ్ ట్రే పట్టుకుని లోపలికొచ్చింది. ఆయన, అమ్మా, మీరొచ్చి ఇక్కడ కూర్చోండి, అన్నాడు. అమ్మ కరస్పాండెంట్ సార్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. అమ్మ ట్రే బల్ల మీద పెట్టి, కొంగు నడుముకు దోపి, చేతులు కట్టుకుని నిజమైన పిల్లలా కూర్చుంది. హాజరు పట్టీ మళ్లీ తిరుగుతోంటే దాంట్లో సంతకం కూడా పెట్టింది. సంతకం పెట్టడం అమ్మకు నేనే నేర్పాను. నాలుగక్షరాలకు నాలుగు నిమిషాలు పట్టేది.

నేను మొదలుపెట్టాను. చార్టు తగిలించాను, సూర్యుడున్న గుండ్రం ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత బత్తాయి తీసి తొక్క ఒలిచాను. గది గదంతా మా ఇంటి వాసన వచ్చి నాకు ధైర్యం కలిగింది. తొనలు లెక్కపెట్టించాను, సరిగ్గా పది. ఒకటి పైకెత్తి, ఇది కాయలో ఎన్నో వంతు అన్నాను. పదో వంతు మేడం అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు. అర్థమైందా అన్నాను. అర్థమైంది మేడం అన్నారు. లక్ష్మీకుమారి మేడం అన్న మాట ప్రకారం తలకాయ గట్టిగా ఊపింది. నాకు బల్ల, దాని సొరుగు, సొరుగు తాళం అన్నీ కనిపించాయి.

"నాకు కాలేదు మేడం."

రెండో బెంచీలోంచి అమ్మ. లేచి నిలబడి మరీ అంది. గదిలో నవ్వులు. నాటకంలో భాగమనుకున్నారు. ఏం కాలేదు అని నేను అడగాల్సి వచ్చింది.

"గీ తొన జూడుండ్రి, బక్కగున్నది. గా పక్కది లావుగున్నది. లావుది నాకిచ్చి బక్కది లక్ష్మి మేడంకిస్తే, ఇద్దరికి పదో వంతే ఒచ్చినట్టా?"

నవ్వులు ఇంకా పెరిగాయి. "అది తర్వాత చెప్తాను, కూర్చోండి ఆయమ్మా" అన్నాను. అమ్మ కూర్చుంది. పక్కన నరహరి సార్ జేబులోంచి పెన్ను తీసి పుస్తకంలో ఏదో రాసుకోవడం కనిపించింది. నేను బోర్డు వైపు తిరిగి ఒకటి రాసి, కింద గీత గీసి, పది రాయబోయాను. చెయ్యి ముందుకు పోలేదు. ఎడమ అరచేతిలో రెండు తొనలున్నాయి. ఒకటి నిజంగానే బక్కది. రెండోది దానికి ఒకటిన్నర రెట్లుంది. బత్తాయి మా ఇంట్లో ఎప్పుడూ ఎవరి కాయ వాళ్లకే కాబట్టి, నేను జన్మలో రెండు తొనల్ని పక్కపక్కన పెట్టి చూడలేదు. పదో వంతు అంటూ నేను పిల్లలకు అబద్ధం చెబుతున్నాను. గదిలో అది తెలిసింది అమ్మకీ నాకూ. నరహరి సార్‌కి కూడా తెలిసిందనుకుంటా.

సుద్దముక్క కింద పెట్టేసి అమ్మ బెంచీ దగ్గరికి వెళ్లాను. ట్రేలో పొద్దుటి ఛాయ్‌తో పాటు పంచగా మిగిలిన బన్నులు రెండున్నాయి, వాటిని కోసిన కత్తీ ఉంది. ఒక బన్ను, కత్తి తీసుకెళ్లి లక్ష్మీకుమారి మేడం ముందు పెట్టాను. మీ బెంచీలో నలుగురికీ కొయ్యండి, ఒకటే షరతు, కోసినవాళ్లు ఆఖర్న తీసుకోవాలి అన్నాను. ఆవిడ నవ్వుతూ కత్తి ఎత్తింది, షరతు బుర్రకెక్కాక నవ్వు ఆపేసింది. బన్నును అటు తిప్పింది, ఇటు తిప్పింది, కళ్లజోడు పెట్టుకుంది. పక్కావిడ, అటు పక్క లావుందండీ, అంది. ఇంకొకావిడ స్కేలు తీసింది. పిల్లల వేషాలు ఎప్పుడు పోయాయో ఎవరికీ తెలియలేదు. వెనక బెంచీల వాళ్లు లేచి చుట్టూ మూగారు. ఒక్క బన్ను తెగడానికి పట్టినంత సేపు ఆ గదిలో ఎవరూ నటించలేదు. నాలుగు ముక్కలయ్యాక ముగ్గురు తలా ఒకటి తీసుకున్నారు, ఆవిడకు మిగిలింది కూడా అంతే ఉంది. ఇప్పుడు ఒక్కోటి నాలుగో వంతు అన్నాను. భాగాలు సమానమైతేనే ఆ మాట అనాలి, బత్తాయి తొనను పదో వంతు అని చెప్పడం నా తప్పు అన్నాను. సమాన భాగాలు అని బోర్డు మీద రాసి, రెండో బెంచీ వైపు చూసి, ఇప్పుడో, అన్నాను.

"ఇప్పుడైంది" అంది అమ్మ. మిగిలిన బన్ను తింటూ అంది.

పాఠాల తర్వాత ఎవరిది ఎలా ఉందో అందరి ముందూ చెప్పడం ఇంకో ఆచారం. నరహరి సార్ పుస్తకం తెరిచి, రాసుకున్నది రాసుకున్నట్టు చదివాడు. "నిజంగా తెలియక అడిగిన ప్రశ్న ఒక్కటే. దానికి టీచరు, తర్వాత, అన్నారు." నేను నేల చూపులు చూస్తుంటే పేజీ తిప్పాడు. "అర నిమిషంలో వెనక్కి వచ్చారు. తప్పు ఒప్పుకున్నారు. నా సర్వీసు మొత్తంలో నేను ఒక్కసారి కూడా ఇలా వెనక్కి రాలేదు." అంతే చదివాడు. బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. కరస్పాండెంట్ సార్‌కి ఏం అర్థమైందో ఆయన ముఖం చూసి కనుక్కోలేకపోయాను.

సాయంత్రం గేటు దాటామో లేదో అమ్మ మీద విరుచుకుపడ్డాను. అందరి ముందట గట్ల ఎందుకడిగినవ్, నా క్లాసు పోతే నీకు మంచిగనిపిస్తదా అన్నాను.

"తెల్వకనే అడిగిన. అండ్ల తప్పేంది?"

"గంతమంది అర్థమైందన్నరు గద."

"వాళ్లకు నీకంటె ముందు నుంచే తెల్సు బిడ్డా. తెల్సినోళ్లకు చెప్పనీకె నువ్వెందుకు?"

ఇంటి దాకా నేను నాలుగడుగులు ముందే నడిచాను. ఇంట్లో నాయిన, కాయ ఎట్లున్నది, తియ్యగున్నదా, అని అడిగాడు. దాన్ని ఎవరు తిన్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

సోమవారం ప్రార్థన అయ్యాక అమ్మ స్టాఫ్ రూంలోకి వచ్చి నా కిటికీ గట్టు ముందు నిలబడింది. నడుము నుంచి గుత్తి తీసి, అందులోంచి ఒక చిన్న చెవిని వేరు చేసి, కుడి చేతికి ఎడమ చెయ్యి ఆనించి నాకిచ్చింది. "మీ సొరుగు తాళంచెవి, మేడం. సారు ఇయ్యమన్నడు" అంది. నియమం ప్రకారం ముఖంలో ఏమీ లేదు. నేనూ నియమం ప్రకారమే, థాంక్స్ ఆయమ్మా, అన్నాను. లక్ష్మీకుమారి మేడం ఖాళీ చేసిన సొరుగులో ఒక సుద్దముక్కల డబ్బా, సగం వాడిన జండూబామ్ సీసా ఉన్నాయి. రెండూ నాకే వదిలేసింది. ఆరో తరగతికి రెండూ పనికొస్తాయమ్మాయ్ అంది.

కొన్నాళ్లకు శిక్షణ తరగతి సర్టిఫికెట్ల కట్ట వచ్చింది. హాజరు పట్టీలో సంతకమున్న ప్రతి పేరుకూ ఒకటి రాసేశారు. అందులో శ్రీమతి పి. యాదమ్మ, ఉపాధ్యాయురాలు. కరస్పాండెంట్ సార్ దాన్ని పక్కకు తీసి, ఇది పొరపాటున వచ్చింది, తిప్పి పంపుదాం అన్నాడు. లక్ష్మీకుమారి మేడం ఊరుకోలేదు. "తిప్పి పంపడమెందుకండీ? పొద్దున్నే తలనొప్పని వెళ్లిపోయినావిడకీ వచ్చిందిగా సర్టిఫికెట్టు. మధ్యాహ్నమంతా కూర్చుని విన్నది ఈవిడేనండీ" అంది. సార్ కాగితం అమ్మ చేతిలో పెట్టాడు. ఆ రాత్రి అన్నాల ముందు దాన్ని నేను మూడుసార్లు చదవాల్సి వచ్చింది. ఉత్సాహంగా అంటే ఏంది అని అమ్మ అడిగింది. చెప్పాను. ఉన్నమాటే రాసిండ్రు అని తల ఊపి, బట్టల సందుగలో అన్నిటికంటే అడుగున పెట్టింది. మా ఇంట్లో ఇద్దరు టీచర్లని నాయిన మార్కెట్లో చాలా రోజులు చెప్పుకున్నాడట. మరుసటి ఏడాది నా డిగ్రీ పట్టా వస్తే అదే సందుగలో, ఆ కాగితం మీద పెట్టారు. సందుగ పోయి బీరువా వచ్చింది, నాయిన పోయాడు, కర్మన్‌ఘాట్ నుంచి బడంగ్‌పేట్ వచ్చాం, ఆ రెండు కాగితాలు మాత్రం ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే తిరిగాయి.

ఇప్పటి శిక్షణ తరగతులు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఏసీ హాలు, తెర మీద స్లైడ్లు, చేతిలోకి ఒక సంచీ, ఫీడ్‌బ్యాక్ ఫోన్లోనే. వందన సమర్పణ పూర్తికాకముందే సర్టిఫికెట్ మెయిల్లో వచ్చి పడుతుంది. తలనొప్పి వచ్చినవాళ్లకూ వస్తుంది, ఆ సంప్రదాయం మారలేదు. డబ్బాలు విప్పుకుని గోంగూర మార్చుకోవడం పోయింది, అందరికీ ఒకే బిర్యానీ ప్యాకెట్. పిల్లల్లా కూర్చోవడం మాత్రం అలాగే ఉంది. అర్థమైందా అంటే అర్థమైంది మేడం అని ఒక్క గొంతుతో అనడమూ అలాగే ఉంది. నేనూ ఎన్నోసార్లు అన్నాను, కొన్నిసార్లు ప్యాడ్ మీంచి తల ఎత్తకుండానే.

నిన్న పొద్దున అమ్మను సోఫాలో కూర్చోబెట్టి శనివారం ఉపన్యాసం మొత్తం చెప్పి చూపించాను. అమ్మకిప్పుడు డెబ్బై దాటాయి. మోకాళ్లు మొరాయిస్తాయి గానీ నోరు మొరాయించదు. ముప్పై స్లైడ్లు చేశాను, రంగురంగుల పటాలు, కదిలే బాణాలు. ముప్పావు గంట తర్వాత అర్థమైందా అమ్మా అని అడిగాను. అమ్మ చేతులు కట్టుకుని, తల గట్టిగా ఊపి, "అర్థమైంది మేడం" అంది. పెదవి చివర నవ్వు దాచుకోవడం కనిపించింది. మేం ఉన్నది గేటు బయట, మా ఇంట్లో. అక్కడ అమ్మ నన్ను ఏనాడూ మేడం అనలేదు. లాప్‌టాప్ తెచ్చి ముందేసుకుని, ఎక్కడ తెల్వలేదో చెప్పు అన్నాను. రెండో బొమ్మ కాడ్నే తప్పిపోయిన అంది. సాయంత్రానికి ముప్పై స్లైడ్లు ఆరయ్యాయి. ఆ ఆరూ అమ్మ అడిగిన ఆరు ప్రశ్నలు.

ఇవాళ నిర్వాహకుల ఆఫీసుకి ఫోన్ చేసి, నా డిగ్రీ కాపీ పంపించానని చెప్పి, హాజరు పట్టీలో ఇంకో పేరు చేర్చమన్నాను. పి. యాదమ్మ. పేరు రాసుకున్న అమ్మాయి, హోదా ఏం రాయమంటారు మేడం, టీచరేనా, అని అడిగింది. కాదమ్మా, ఆరో తరగతి విద్యార్థిని అని రాయండి, మొదటి వరసలో కుర్చీ వేయించండి అన్నాను. ఆ అమ్మాయి అలాగే రాసుకుంది. తర్వాత, వెజ్జా నాన్‌వెజ్జా మేడం, అని అడిగింది. నేను అమ్మ వైపు తిరిగి అదే అడిగాను.

"ఏదైన సరే. బన్నులు గూడ తెప్పించమను" అంది అమ్మ. "కత్తి నేను తెస్త."